వెనక వార్డులో ఆడగొంతు

ఆ పశువుల ఆస్పత్రిలో వెనక వార్డుకి చెడ్డ పేరు. చీకటి పడ్డాక అటు ఎవరూ ఒంటరిగా పోరు. పోయినవాళ్ళు తిరిగొచ్చి మంచినీళ్ళడుగుతారు... అంతే, ఇంకేం చెప్పరు.

వాచ్‌మన్ ఒక్కడే నోరు విప్పాడు. "ఆడగొంతండీ... బోన్ల మధ్య నుంచి... 'నొప్పా తల్లీ?' అంటుంది."

ఉద్యోగంలో ఉండగానే పోయిన పాత ఆయా తిరుగుతోందని తేల్చేశారు. పశువుల ఆస్పత్రికి ఆయా ఏమిటని నవ్వకండి. తల్లిలేని పిల్లికూనకి పాలు పట్టడానికైనా మనిషి కావాలిగా!

డ్రెస్సింగ్ నర్సుకి ఇవన్నీ తెలుసు. అయినా ఆ రాత్రి వెళ్ళింది. భయం కన్నా పెద్దదేదో కడుపులో మండుతోంది మరి.

అదేమిటంటే... చెల్లెలు. అదే ఆస్పత్రిలో పనిచేసే సొంత చెల్లెలు.

పిల్లిని మెడ దగ్గర ఎలా పట్టుకోవాలో, వణికే కుక్కకి నరం ఎలా దొరకబుచ్చుకోవాలో ఆ పిల్లకి నేర్పింది తనే. ఇప్పుడందరి నోటా చెల్లెలి మాటే. పెద్ద డాక్టరు ఆ సాయంత్రం అందరి ముందూ చెల్లెలితో అననే అన్నాడు: "ఈ నల్లకుక్క కడుపుకి నువ్వేసిన కుట్లు పొద్దుటికి చెక్కుచెదరకుండా ఉంటే, ఆపరేషన్ గది ఇక నీ చేతికే అమ్మాయ్!"

ఏళ్ళ తరబడి ఆ గది కోసం కాచుకున్న మనిషి అక్క.

"అక్కా, నీకు సంతోషమేగా?" అంది చెల్లెలు.

"నాకెందుకుండదే! అంతా నా చేతి చలవేగా" అంది, పళ్ళు బిగించి నవ్వుతూ.

కుట్లు నాకకుండా కుక్క మెడకి ప్లాస్టిక్ గరాటు కడతారు. ఆస్పత్రిలో దాన్ని 'లౌడ్‌స్పీకర్' అంటారు. నాడా ముడి వేసింది చెల్లెలు. అది ఊడితే చాలు, మిగతాది కుక్కే చూసుకుంటుంది. నింద ముడి వేసిన చేతిదే. నోరులేని జీవం, ఎవరితో చెబుతుంది?

తలుపు నెట్టింది. ఫినాయిల్ వాసన. టార్చిని అరచేత్తో సగం మూసుకుని నల్లకుక్క బోను ముందు కూర్చుంది. తెలిసిన మనిషేనని కుక్క తోకతో నేలమీద ఓసారి కొట్టింది.

నాడా కొస దొరికింది. లాగింది... ముడి జారింది...

"నొప్పా తల్లీ?"

వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఎక్కడే?... ఎక్కడే నొప్పి?"

పాత ఆయా గొంతు కాదది. తెలిసిన గొంతే... తెలియకపోవడమేమిటి, తన గొంతే! రోజూ కట్టు విప్పుతూ తనడిగే మాటే. తనేమో ఇక్కడ పెదవి కదపకుండా కూర్చుంది. మనిషి బతికుండగానే దెయ్యమైపోతుందా?

టార్చి చేజారి దొర్లింది. వెలుగు మూల బోను మీద పడింది. కప్పిన గుడ్డ సగం జారి ఉంది. లోపల, రెక్కకి కట్టుతో, ఓ గోరింక. వానలకి ముందు చేరింది. పగలంతా మూగనోమే. అది గొంతు ఉబ్బించి—

"నొప్పా తల్లీ?"

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే కాస్త గర్వమూ వచ్చింది. ఇన్ని గొంతులుండగా పిట్ట ఏరుకున్నది తన గొంతునే. చెల్లెలిది కాదు!

చేయి మాత్రం ఇంకా నాడా మీదే ఉంది.

గోరింక తల వాల్చింది. ఈసారి గొంతు మారింది... సన్నగా, తడిగా... ఎవరూ లేరనుకుని పిట్టతో చెప్పుకున్న గొంతు. చెల్లెలిది.

"అక్క చేతిలో ఒదుగుతావు... నన్ను పొడుస్తావేం? అందరికీ అక్కే కావాలి... అక్క లేకుండా పోతే బాగుణ్ణు..."

ఆమె నాడా రెండు కొసలూ పట్టుకుని, ముడి బిగించి, ఆ కుక్క పక్కనే తెల్లవార్లూ కూర్చుంది.

పొద్దున్నే చెల్లెలు పరుగున వచ్చింది. కుట్లు చూసుకుని ఊపిరి పీల్చుకుంది. అంతలో మూల బోను మీద చూపు ఆగింది. గుడ్డ పూర్తిగా జారి నేలమీద ఉంది. మొహం పాలిపోయింది.

"అక్కా... రాత్రంతా ఇక్కడే ఉన్నావా? ఆ పిట్ట... ఏమైనా అందా?"

అక్క లేచి చీర దులుపుకుంది.

"పిట్టలు మాట్లాడతాయా ఏమిటే, పిచ్చిదానా" అంది.