తెల్లగా తెరుచుకున్న నోటీసు

లాయరమ్మ తడిసిన చెప్పులతోనే లోపలికి వచ్చి, కూర్చోమనకముందే కుర్చీలో కూలబడింది.

"పిన్నిగారూ, మా కేసులో సాక్షి తలదాచుకున్న ఇంటి మీద పొద్దున ఎవరో పడ్డారు. తలుపులు విరగ్గొట్టారు. పెరటి గోడ దూకి బతికిపోయింది, పాపం. ఆ అడ్రసు ఇద్దరికే తెలుసు. నాకూ, టైపు చేసిన మా చెల్లికీ."

 ఎవరి మీద అనుమానమో సాయంత్రంలోగా రాసిమ్మన్నారట పోలీసులు. రాస్తే తోడబుట్టినదాని పేరే రాయాలి.

పిన్నిగారు నిజానికి ఎవరికీ పిన్ని కాదు. ఊరంతా అలా పిలిచే ప్రైవేటు డిటెక్టివ్. ఎంత కొమ్ములు తిరిగిన దొంగైనా ఆవిడ ఎదుట నీళ్లు నమలాల్సిందేనని అసిస్టెంటు బొంగరం నమ్మకం. కాలు ఒకచోట నిలవదు గనక అతనికా పేరు.

"పదండి, మీ ఆఫీసు చూద్దాం" అని ఆవిడ లేచింది.

ఆఫీసులో చెల్లెలు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. అడ్రసున్న కాగితం చూపించమంటే మౌస్ నొక్కింది. అందరూ కాచుక్కూర్చున్నారు. కంప్యూటర్లో కాగితాలు తెరిచి చూపించే వ్యూయర్ ప్రోగ్రాం ముందు కొత్త వెర్షన్ వేసుకోమంది. కాగితాలు తన దగ్గర దాచుకోమంది. సంతకం పెట్టిస్తానంది, కావాలంటే చదివి వినిపిస్తానంది. కాగితం మాత్రం చూపించదు!

"ఒక్క కాగితానికి ఇంత హంగామానా తల్లీ!" అన్నాడు బొంగరం.

"అందరూ వాడేది ఇదేనండీ. మా మెషీన్లు చూసే డాక్టర్ వేశాడు" అంది చెల్లెలు. రిపేర్లు చేసే మనిషిని ఆ ఆఫీసులో డాక్టర్ అంటారు. "ఈ కేసు మొదలయ్యాక నా మెషీన్ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. డాక్టర్ని కూడా."

ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని తెలియదా ఈ పిల్లకి, అని బొంగరం ప్రాణం ఉసూరుమంది.

"ఈ మధ్య వింతగా ఏమైనా జరిగిందా అమ్మా?" అని అడిగింది పిన్నిగారు.

"వ్యూయర్ గడువు అయిపోతోందని మెయిల్లో ఒక నోటీసు వచ్చింది. తెరిస్తే ఉత్త తెల్లకాగితం. డాక్టర్‌కి పంపితే ఏం కాదులే అన్నాడు."

తర్వాత ఆ ఆఫీసు జూనియర్ లాయరు వంతు. అతని బావమరిది అవతలి పక్షం లాయరు దగ్గర పనిచేస్తున్నాడని తెలిసి బొంగరం చెవులు నిక్కబొడుచుకున్నాడు.

"వాడక్కడ చేస్తే నేను దొంగనా? మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అండీ!" అని జూనియర్ గయ్యిమన్నాడు.

అంతలో డాక్టర్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఆ నోటీసా? చూశానండీ. మామూలు కాగితం. గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోండి."

పిన్నిగారు అడిగితే ఈ ఆఫీసుతో తన ఒప్పందం కూడా తీసి చూపించాడు. నొక్కీ నొక్కగానే అతని తెరమీద కాగితం ప్రత్యక్షమైంది. ఆవిడ "బావుంది" అని ఊరుకుంది. జూనియర్ని వదిలి ఇతనితో కబుర్లేమిటని బొంగరం లోలోపల గింజుకున్నాడు.

సాయంత్రం అందరూ లాయరమ్మ గదిలో చేరారు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిన్నిగారు బల్లమీద ఒక పెన్‌డ్రైవ్ పెట్టింది.

"ఇదీ ఆ నోటీసు. డాక్టరుగారూ, వీళ్లందరికీ వేసిన పెద్ద వ్యూయర్ మీ లాప్‌టాప్‌లో కూడా వేసుకుని, దీన్ని తెరవండి."

"నాకెందుకండీ అది? నా చిన్న వ్యూయర్ చాలు."

"హోటలు పెట్టినవాడు రోజూ ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుంటే ఏమనుకోవాలి?"

"నా మెషీన్లో తెరుస్తానండీ" అని చెల్లెలు లేచింది. "నాదాన్లోనైనా సరే" అన్నాడు జూనియర్.

"మీరు కూర్చోండి. ఆయనే తెరవాలి. మామూలు కాగితమేగా?"

డాక్టర్ పెన్‌డ్రైవ్‌ని వెనక్కి నెట్టాడు. "దాన్లో తెరిస్తే నా ఫైళ్లన్నీ వాళ్లకి..." అని నాలిక కరుచుకున్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. బొంగరం కూడా.

"వాళ్లకి వెళ్తాయి. అంతేగా?" అంది పిన్నిగారు. "చిన్న వ్యూయర్ కాగితం చూపించి ఊరుకుంటుంది. పెద్దదానికి వెయ్యి పనులు. కాగితంలో దాచిన ఆజ్ఞల్ని కూడా నమ్మి చేసేస్తుంది. ఆ సంగతి తెలుసు గనకే నువ్వు దాన్ని వాడవు. ఈ అమ్మాయి మెషీన్ ముట్టుకోనివ్వలేదు. అందుకని నోటీసు పంపావు. తను తెల్లకాగితం చూస్తుండగానే ఫైళ్లన్నీ అవతలి పక్షానికి పోయాయి. ఒక ఆడమనిషి ప్రాణం తీయబోయావు కదయ్యా!"

డాక్టర్ తల దించుకుని ఒప్పేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని లాప్‌టాప్, ఫోను లాక్కుని బయటికి నడిపించాడు.

బొంగరం పెన్‌డ్రైవ్‌ని పామును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తాడు.

"భయపడకు నాయనా. అందులో ఉన్నది మా ఇంటి కరెంటు బిల్లు."

లాయరమ్మ ఏడుస్తూ, నవ్వుతూ చెల్లెలి భుజం పట్టుకుంది. "చిట్టీ, పీడ విరగడైంది. పద, సాక్షిని కొత్తచోటికి మార్చాలి."

చెల్లెలు ఆ చెయ్యి మెల్లగా తీసేసింది. "ఆ చోటేదో నాకు చెప్పకక్కా."

"అదేం మాటే! దొంగ దొరికాడుగా!"

"దొరికాడు. దొరక్కపోతే నా పేరు రాసిచ్చేదానివి. పొద్దుట్నుంచీ ఎదురుగానే ఉన్నాను. నువ్వు చేశావా అని ఒక్కసారైనా నన్నడిగావా?"

 చెల్లెలు సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.