ప్రభువుగారి ఊరేగింపు ఆగిపోయింది

చిత్రగామి అనే యంత్రం వచ్చాక కరీంనగర్ జనం పార్కుల సంగతే మరిచిపోయారు. మధ్యాహ్నం కాగానే అన్నం డబ్బాలతో బొమ్మల్లోకి వెళ్లిపోతున్నారు. నుదుటికి పట్టీ కట్టుకుంటే చాలు, పాత చిత్రం చుట్టూ విచ్చుకుంటుంది. అందులో గాలి వీస్తుంది, మనుషులు నడుస్తారు.

ఆ రోజు కొత్త చిత్రం తెరిచారు. ఎప్పటిదో జపాను పట్టుచిత్రం. ఒక సామంత ప్రభువు రాజధానికి ఊరేగుతూ వెళ్తున్నాడు. దానికి కదలిక కూర్చిన నీరజాక్షికి ఉదయం నుంచి కాలు నిలవడం లేదు. తనూ జనంతోపాటు బాట పక్కన నిలబడింది.

దేవదారు చెట్ల మధ్య నుంచి కేక వినిపించింది. "వంగండి! వంగండి!"

ఈకల కుచ్చుల ఈటెలు గాలిలోకి లేచాయి. లక్క పెట్టెలు తళతళలాడాయి. వెనక నల్లటి పల్లకీ. పట్టీలోని మర్యాదసూత్రం, ఆ కాలపు ఆచారం ప్రకారం, చూస్తున్నవాళ్ల మోకాళ్లను మెల్లగా వంచింది. గట్టిగా వద్దనుకుంటే అది వదిలేస్తుంది. ఇంతవరకూ ఎవరూ వద్దనుకోలేదు.

నీరజాక్షి పక్కనున్నావిడ మాత్రం వంగలేదు. ఆమె బడిలో కబడ్డీ నేర్పే మల్లీశ్వరి.

"కూసోండి అక్కా, ఊరేగింపు చెడిపోతది," అంది నీరజాక్షి గుసగుసగా.

"మా తాతముత్తాతలు దొర గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండ్రమ్మా. బొమ్మలనైనా సరే, నేను వంగ."

ఒక సమురాయి కత్తిపిడి మీద చెయ్యి వేశాడు. చిత్రంలో దెబ్బ తగలదు కానీ భయం నిజమైనదే. అయినా మల్లీశ్వరి కదల్లేదు. ఆమె వెనక ఒకతను లేచాడు. తర్వాత ఇద్దరు. చూస్తుండగానే బాటంతా లేచి నిలబడింది. ఎవరి మీద కత్తి దుయ్యాలో తెలియక సమురాయి దిక్కులు చూశాడు. ఇలాంటిది జరుగుతుందని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. ఊరేగింపు ఆగిపోయింది.

పల్లకీ మాత్రం బోయీల భుజాల మీదే ఉంది. ముందున్నవాడి భుజం మీద పుండు. చిత్రకారుడు అక్కడ అద్దిన ఎరుపును నీరజాక్షి ఇన్నాళ్లూ బట్ట అంచనుకుంది.

"అరె, జూస్తరేంది? పట్టుండ్రి!" మల్లీశ్వరి ఉరికింది.

నీరజాక్షి కూడా పరుగెత్తి పల్లకీ దండె కింద చేతులు పెట్టింది. పదిమంది కలిసి పల్లకీని నేలకు దించారు. బోయీ గడ్డి మీద కూలబడి, భుజం తడుముకుని, బిగ్గరగా నవ్వాడు. ఆ నవ్వును నీరజాక్షి చిత్రంలో కూర్చలేదు.

మర్నాడు ద్వారం దగ్గర జనం బారులు తీరారు. ప్రభువు ఎప్పుడొస్తాడని ఎవరూ అడగలేదు. బోయీల భుజాలకని కొబ్బరినూనె సీసాలు పట్టుకుని, "బోయీలు ఎంత దూరమొచ్చిండ్రు?" అని తొందరపడుతున్నారు.