ఆపరేషన్ గజమాల

ధవళేశ్వరం లాకుల దగ్గర తేలిన శవం ప్యాంటు జేబులో స్క్రూడ్రైవర్ ఇంకా ఉంది. సర్వీస్ ఇంజనీర్ సురేష్‌బాబుది ఆ శవం. ఈత రాక మునిగిపోయాడని పోలీసులు రాసేశారు. మెడ విరిగిన మనిషికి ఈత వచ్చినా రాకపోయినా ఒకటేనన్న సంగతి వాళ్ళకు తట్టలేదు.

గూఢచారి సంస్థ హైదరాబాద్ ఆఫీసులో సదరన్ డెస్క్ చీఫ్ మాణిక్యాంబ ఆ శవం ఫోటోను ఏజెంట్ ఏసురాజు ముందుకు తోసింది.

"రాజమండ్రి దగ్గర ఫ్యాక్టరీ. రాకెట్ ఇంధనం ట్యాంకులు వెల్డింగ్ చేసే రోబో పెట్టారు. ఇతను దాని కంట్రోలర్ మెయింటెనెన్స్‌కి వెళ్ళాడు. చూడకూడనిదేదో చూశాడు."

"టార్గెట్ రోబోనా మేడమ్?"

"కాదు. ఆ ట్యాంకు డిజైన్ చేసిన డాక్టర్ రామతులసి గారు. ఎల్లుండి ప్రారంభోత్సవానికి వస్తున్నారు. వెస్టర్ అని ఒక ఫారిన్ కన్సల్టెంట్ అక్కడే మకాం వేశాడు. కన్సల్టెన్సీ ముసుగు, అసలు వృత్తి హత్యలు. ఆవిడ చావు యాక్సిడెంట్‌లా కనిపించాలని అతని ముఠా ప్లాన్."

"ఫంక్షన్ క్యాన్సిల్ చేయించొచ్చుగా?"

"చేయిస్తే ఇంకెక్కడో చంపుతారు. ఎక్కడో మనకు తెలీదు. ఇక్కడైతే కనీసం చోటు తెలుసు. నువ్వు కొత్త సర్వీస్ ఇంజనీర్‌గా వెళ్తున్నావు. లోపల మన సోర్స్ ఉంది. ప్రసన్నకుమారి, పీఆర్ మేనేజర్. వెస్టర్ జీతం తింటూ మనకు రిపోర్ట్ చేస్తుంది."

చీఫ్ అతనికి రహస్య కెమెరా ఉన్న పెన్ను ఇచ్చింది. దానికి బ్యాటరీ రావాలంటే స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టాలట. కనీసం పెన్నుగా వాడుకుందామని చూశాడు ఏసురాజు. అది రాయలేదు కూడా.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే అతను వీరవెంకటసత్యనారాయణ ఫ్యాబ్రికేషన్స్ గేటు దగ్గర దిగాడు. మొన్న మొన్నటిదాకా అది రైసు మిల్లు. బోర్డు మారింది గాని ఊక వాసన పోలేదు. షెడ్డు మధ్యలో మనిషికి రెండింతల ఎత్తున్న నారింజ రంగు రోబో నిలబడి ఉంది. దాని మోచేతికి నిమ్మకాయల దండ వేలాడదీశారు. చెయ్యిని ఇనుప స్టాండు మీద ఆనించారు. పక్కన కంట్రోలర్ క్యాబినెట్‌కు పసుపు పూసి, బొట్లు పెట్టి, తలుపు పిడికి ఎర్రటి తోరం కట్టారు. దాన్ని తయారుచేసిన జపాన్ వాడు చూస్తే తన మెషిన్‌కు పెళ్ళి చేస్తున్నారనుకుంటాడు.

"ఆయ్, రండి రండి!" అంటూ ఎదురొచ్చాడు యజమాని బుల్లిరాజు. "ముందు టిఫిన్ చెయ్యండి. పెసరట్టు వేడిగా ఉంది."

"క్యాబినెట్ తెరిచి చూడాలండి."

"అమ్మమ్మ! తెల్లారగట్ల పూజ చేయించామండి. తోరం కట్టాక రిబ్బన్ కట్టింగ్ అయ్యేదాకా తలుపు తియ్యకూడదన్నారు సిద్ధాంతి గారు. వెస్టర్ దొరగారు కూడా అదే మాటన్నారండి. మన సంప్రదాయమంటే ఆయనకెంత గౌరవమనుకున్నారు!"

దొరగారి గౌరవానికి కారణం ఏమై ఉంటుందో ఈ పెద్దమనిషికి ఏడు జన్మలెత్తినా తట్టదని ఏసురాజుకు అర్థమైంది.

"రోబో చుట్టూ కంచె ఉండాలి. ఏదండీ?"

"ఫోటోలకు అడ్డమొస్తోందని పీకించేశామండి."

"కంచె గేటు తెరిచి ఉంటే రోబో కదలకూడదు. దానికో సేఫ్టీ స్విచ్ ఉంటుంది."

"కదల్లేదండి! మా వాళ్ళు చిన్న వైరు ముక్కేదో పెట్టారు. ఇప్పుడు శుభ్రంగా కదులుతోంది."

మనిషిని చంపడానికి వీళ్ళకు విదేశీ ముఠా సాయం కూడా అక్కర్లేదనుకున్నాడు ఏసురాజు.

వెల్డింగ్ టార్చి విప్పేసి దాని చోట పెద్ద ఇనుప రింగు బిగించి ఉంది. కడియం పూలతో కట్టిన గజమాలను ఆ రింగుకు తగిలిస్తారు. రోబో దాన్ని ఎత్తి, కుర్చీలో కూర్చున్న రామతులసి మెడలో వేస్తుంది. రాకెట్ ట్యాంకు అతకాల్సిన మెషిన్‌కు వీళ్ళు అప్పగించిన మొదటి ఉద్యోగం ఇది.

రోబోను నడిపే, కేబుల్‌తో వేలాడే టీచ్ పెండెంట్ అందుకుని, దాని స్క్రీన్ మీద ప్రోగ్రామ్‌ను లైను లైనుగా చదివాడు. దండ ఎత్తు. కుర్చీ పైకి రా. ఆగు. తర్వాత 'నమస్తే' అని ఒక సబ్‌రొటీన్. చెయ్యి ఫుల్ స్పీడులో మూడుసార్లు కిందికీ పైకీ ఊగుతుంది. రోబో చేత దండం పెట్టిస్తున్నారన్నమాట. కోతులాట, అనుకుని తర్వాతి లైనుకు వెళ్ళిపోయాడు. ప్రోగ్రామ్‌లో హత్య ఎక్కడా లేదు.

"ఫ్యాన్ ఫిల్టర్ మార్చారా?" వెనకనుంచి తీయటి గొంతు. అది కోడ్ వర్డ్.

"గోదావరి గాలికి ఫిల్టరెందుకండి," అన్నాడు. అది జవాబు.

నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ప్రసన్నకుమారి నడిచొస్తుంటే ఎలక్ట్రీషియన్లు పని ఆపి చూశారు. వాళ్ళు పని చేసినా ఆపినా పెద్ద తేడా లేదు.

"ఎక్కడ దాచారు?" అడిగాడు ఏసురాజు.

"ప్రోగ్రామ్‌లోనే. ఏ లైనో నాకు తెలీనివ్వలేదు. కుర్చీ మీదికొచ్చాక చెయ్యి అదుపు తప్పినట్టుంటే ఆలోచించకండి. ఎర్రబటన్ నొక్కెయ్యండి. ఆవిడ ప్రాణం మీ వేలిమీద ఉంది."

ఏసురాజు స్టాండు దగ్గరే పరీక్ష చేశాడు. క్యాబినెట్ మీది ఎర్రబటన్ నొక్కితే, మోటార్లకు కరెంటు ఉందని చూపే సర్వో దీపం ఆరింది. ఎమర్జెన్సీ స్టాప్ పనిచేస్తోంది. అతని మనసు కొంచెం కుదుటపడింది.

పదకొండింటికి షామియానా నిండింది. రామతులసి సాదా నూలుచీరలో వచ్చి, కూర్చోమన్న కుర్చీలో కూర్చుంది. మైకు దొరికిన ప్రతివాడూ మాట్లాడాడు. ఒకాయన రోబోను హనుమంతుడితో పోల్చాడు. ముందు వరుసలో వెస్టర్ నుదుట బొట్టుతో, చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతున్నాడు.

ఆ ఉపన్యాసాలు భరించలేక ఏసురాజు క్యాబినెట్ వెనక్కి వెళ్ళాడు. వెనక పలక మీద వేలిమందం ఊక దుమ్ము. పలక స్క్రూల మీద మాత్రం దుమ్ము లేదు. తళతళలాడుతున్నాయి. ఎవరో ఈమధ్యే విప్పి బిగించారు. తోరం కట్టింది ముందు తలుపుకే, వెనక పలకకు కాదు. అతను స్క్రూలు విప్పాడు.

లోపల కంపెనీ వైరింగ్ ముచ్చటగా ఉంది. ఒక మూల మాత్రం కంపెనీ డ్రాయింగ్‌లో లేని రిలే స్విచ్ ఒకటి బిగించి ఉంది. దాని వైర్లను వేలితో తడుముతూ వెళ్ళాడు. అవి బ్రేకుల లైనులో కలిశాయి.

కరెంటు ఉన్నంతసేపూ ఆ బరువైన చెయ్యిని మోటార్లే మోస్తాయి. ఎర్రబటన్ నొక్కితే మోటార్లకు కరెంటు పోతుంది. ఆ క్షణంలోనే బ్రేకులు బిగుసుకుని చెయ్యిని పట్టుకోవాలి. ఈ రిలే ఆ బ్రేకులను బిగుసుకోనివ్వదు. అంటే బటన్ నొక్కగానే చెయ్యి, రింగు, గజమాల కలిసి కింద ఉన్న మనిషి నెత్తిన పడతాయి. పొద్దున చెయ్యి స్టాండు మీద ఉంది కాబట్టి పడలేదు. సురేష్‌బాబు చూసింది ఇదే. క్యాబినెట్ లోపలికి ఇంకెవరూ చూడకూడదనే దొరగారికి పూజ మీద అంత భక్తి.

ఉచ్చు ప్రోగ్రామ్‌లో లేదు. తన వేలిలో పెట్టారు. పెట్టింది ప్రసన్నకుమారి.

అప్పుడే సన్నాయి మొదలైంది. రోబో చెయ్యి గజమాలతో లేచి కుర్చీ పైకి వచ్చింది. భయపెట్టి బటన్ నొక్కించడానికి పెట్టిన ఆ నమస్తే మొదలైంది. రింగు ఒక్కసారిగా రామతులసి తలమీదికి దూకి, పైకి లేచి, మళ్ళీ దూకింది. జనం కేకలు పెట్టారు.

"బాబోయ్, మనిషి మీదికొస్తోంది!" బుల్లిరాజు ఎర్రబటన్ దగ్గరికి పరిగెత్తాడు.

"నొక్కొద్దు!"

"ఏంటండీ నొక్కొద్దంటారు, చంపేస్తుంటే!"

ఏసురాజు చెయ్యి చాచి బటన్ టోపీ కింద సందులోకి రెండు వేళ్ళు దూర్చాడు. బుల్లిరాజు అరచెయ్యి దభీమని పడింది. వేళ్ళు నలిగాయి. బటన్ దిగలేదు. రెండో చేత్తో పెండెంట్ లాక్కుని హోల్డ్ నొక్కాడు. హోల్డ్ కదలికను మాత్రమే ఆపుతుంది, మోటార్లకు కరెంటు తియ్యదు. ఇనుప రింగు రామతులసి నెత్తికి జానెడు దూరంలో గాలిలో నిలిచిపోయింది.

"మేడమ్, తల ఎత్తకుండా కిందికి జారి ఇవతలికి రండి!"

ఆవిడ ఎందుకని అడగలేదు. కుర్చీలోంచి జారింది. ఆ సరికే ప్రసన్నకుమారి అతని చేతిలోని పెండెంట్ మీద పడింది. పెండెంట్‌కూ ఒక ఎర్రబటన్ ఉంది. రామతులసి కాలు కుర్చీ నీడ దాటిన క్షణంలోనే ప్రసన్నకుమారి బొటనవేలు దాన్ని నొక్కింది.

చెయ్యి కూలింది. కుర్చీ అప్పడంలా నలిగిపోయింది. బంతిపూలు వేదిక నిండా చెదిరాయి.

"నేను... ఆవిణ్ణి కాపాడబోయాను," అంది ప్రసన్నకుమారి, వేలు ఇంకా బటన్ మీదే ఉంది.

"ఎవర్ని? కుర్చీ ఖాళీగా ఉంది," అన్నాడు ఏసురాజు, బేడీ తగిలిస్తూ.

రామతులసి చీర దులుపుకుని నలిగిన కుర్చీని చూసింది. "కంచె ఎవరు తీయించారు?"

బుల్లిరాజు నిమ్మకాయల దండ వైపు చూశాడు. అది కూడా ఆయన్ని ఆదుకోలేదు.

"నా ట్యాంకులు వెల్డింగ్ చేయబోయేది ఈ తెలివితేటలేనా?"

"రేపే పెట్టించేస్తానండి. ఇంకా ఎత్తుగా పెట్టిస్తానండి."

వెస్టర్ ముందు వరుసలో లేడు. ఏసురాజు గేటు వైపు పరిగెత్తాడు. కారు అక్కడే ఉంది, మనిషి లేడు. వాచ్‌మన్ సత్తియ్య తాపీగా చెప్పాడు.

"దొరగారాండి? భోంచెయ్యకుండానే కారెక్కబోయారండి. అలా పంపిస్తే రాజుగారు మా తోలు వలిచేస్తారండి. వంటోళ్ళని కేకేసి నలుగురం కలిసి మోసుకెళ్ళి భోజనాల పంతిలో కూర్చోబెట్టామండి. బాగా మొహమాటపడ్డారు పాపం, కాళ్ళు కూడా కొట్టుకున్నారు."

మూడు దేశాల పోలీసులు పట్టుకోలేకపోయిన మనిషి అరిటాకు ముందు కూర్చుని ఉన్నాడు. భుజాల మీద చెరోవైపు ఒక వడ్డనవాడి చెయ్యి. ఆకులో బొమ్మిడాయిల పులుసు. ఏసురాజు అతని రెండు చేతులకూ బేడీలు వేయబోతుంటే బుల్లిరాజు అడ్డుపడ్డాడు.

"కుడిచెయ్యి వదిలెయ్యండి బాబూ. ఆయన హంతకుడైతే అవనివ్వండి. మా పందిట్లో ఎడంచేత్తో తినడం మా ఇంటా వంటా లేదు."

సెల్ ఫోన్ మోగింది. మాణిక్యాంబ.

"స్టేటస్?"

"డాక్టర్ గారు క్షేమం మేడమ్. ఇద్దరూ దొరికారు."

"వెంటనే వ్యాన్ ఎక్కించు."

ఏసురాజు వాచిన వేళ్ళను మజ్జిగ గ్లాసులో ముంచుకుని, వెస్టర్ పక్కన ప్రసన్నకుమారికీ ఆకు వేసిన పంతి వైపు చూశాడు.

"కుదరదు మేడమ్. ముద్దాయిలకు మారు వడ్డిస్తున్నారు."