తమ్ముడి వంతు

మూడో ముద్దకే నానాజీ నోరు గట్టిగా మూసేసుకున్నాడు. వాడికి రెండేళ్లు. మొండితనంలో మాత్రం పదేళ్ల అక్క బిందుమాధవిని మించిపోయాడు.

అమ్మ కోప్పడలేదు. ముద్ద చేతిలో పట్టుకుని పాట అందుకుంది.

"చెరుకు నరకను ఎవరొచ్చేరూ?"

అక్కడ ఆగింది.

"తాతా," అన్నాడు నానాజీ. ముద్ద లోపలికి వెళ్లింది.

"బండి తోలను ఎవరొచ్చేరూ?"

"నానా."

ఆ పాట అమ్మే కట్టింది. నీళ్లు పోయడానికి ఒక పాట, చొక్కా తొడగడానికి ఒకటి, బట్టలు మడతపెట్టడానికి ఇంకొకటి. అమ్మ చేసే ఏ పనికైనా ఒక పాట ఉంటుంది. అన్నీ ఎలా గుర్తుంటాయో అని బిందుకి ఆశ్చర్యం. నానాజీకి వచ్చిన నాలుగు మాటలూ ఆ పాటల్లోంచే వచ్చాయి.

"బెల్లం తినను ఎవరొచ్చేరూ?" అంటూ అమ్మ బిందు వైపు వేలు చూపించింది.

నానాజీ నవ్వాడు, అంతే. 'అక్క' అనే మాట వాడికింకా రాలేదు. బిందు దానికోసమే రోజూ ఎదురుచూస్తోంది.

"రేపట్నించి బెల్లం వండతాం. సాయంత్రం నేను గానుగ కాడికెల్లిపోతాను. తమ్ముడికి నువ్వే పెట్టాల," అంది అమ్మ.

"నాకు పాడ్డం రాదమ్మా. నా గొంతు మిక్సీలాగుందని కిరణ్ గాడు క్లాసంతా సెప్పేడు."

"మిక్సీలో రుబ్బిన పచ్చడి మనం తినట్లేదేటి?"

బిందుకి నవ్వొచ్చింది గానీ ధైర్యం రాలేదు. ఒక ఉపాయం మాత్రం వచ్చింది. మర్నాడు పొద్దున అమ్మ అన్నం పెడుతుంటే, పాటంతా ఫోన్‌లో రికార్డు చేసింది.

ఆ సాయంత్రం నుంచి బిందు ముద్దలు కలిపి ఫోన్ నొక్కేది. అమ్మ గొంతు వినగానే నానాజీ నోరు తెరిచేవాడు. పది నిమిషాల్లో గిన్నె ఖాళీ. పొద్దున పూట కూడా అమ్మ గానుగ పనుల హడావిడిలో ఉంటే ఫోనే పాడేది.

ఆదివారం అమ్మ ఇంట్లోనే ఉండి తినిపించింది.

"చెరుకు నరకను ఎవరొచ్చేరూ?"

నానాజీ ఫోన్ ఉన్న గూటి వైపు చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

"ఏటిరా అబ్బీ, తాతని మర్సిపోయేవా?" అమ్మ నవ్వుతూనే అంది గానీ, ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బిందు పెరట్లోకి వెళ్లి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. 'ఎవరొచ్చేరూ?' అంటోంది అమ్మ గొంతు. వెంటనే 'తాతా' అని వినిపించింది. అది నానాజీ గొంతే. ఆ రోజు వాడు చెప్పిన జవాబులు కూడా రికార్డయిపోయాయి. ఇన్నాళ్లూ వాడి వంతు ఫోనే చెప్పేసింది.

బిందు తిరిగొచ్చి అమ్మకి అంతా చెప్పింది. అమ్మ నానాజీ మూతి తుడిచింది.

"వచ్చిన మాట ఎక్కడికీ పోదులే. రేపు నువ్వు పాడి సూడు," అంది.

మర్నాడు సాయంత్రం బిందు ఫోన్‌ని బీరువాలో పెట్టేసింది. ముద్దలు కలుపుతుండగా లెక్కల నోట్సు కోసం కిరణ్ వచ్చాడు. బిందు తల వంచుకుంది. నానాజీ ఆమెనే చూస్తున్నాడు. పాట మొదలెట్టింది.

"మిక్సీ ఆన్ అయ్యిందిరోయ్," అన్నాడు కిరణ్.

"పచ్చడి కావాలంటే కూకో," అంది బిందు.

మొదటిసారి నానాజీ పలకలేదు. రెండోసారీ అంతే. బిందు మళ్లీ పాడింది.

"తాతా."

బండి దగ్గర 'నానా' కూడా వచ్చింది. ఇక ఒక్కటే మిగిలింది.

"బెల్లం తినను ఎవరొచ్చేరూ?"

బిందు తన వైపు వేలు చూపించుకోలేదు. ఆగింది. వేళ్ల మధ్య ముద్ద ఆరిపోతోంది. కిరణ్‌కి ఓపిక చాల్లేదు.

"ఒరే నానాజీ, అక్..."

"నువ్వు సెప్పకు. అది ఆడి వంతు."

కిరణ్ నోరు మూసుకున్నాడు. నానాజీ బిందు మొహంలోకి చూశాడు. పెదాలు కదిపాడు.

"అక్కా."

బిందు కదల్లేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నానాజీ మాత్రం నోరు తెరుచుకుని కూర్చున్నాడు.