పేలని నీలం తుపాకీ

టీవీ రిపేరు షాపుకి తుపాకీ తీసుకెళ్ళేవాడు ఎవడైనా దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్తాడు. మన టోకెన్‌కి ఆ మాత్రం కూడా తట్టలేదు. వానకి తడవకుండా చొక్కా లోపల దాచుకుని పరిగెత్తుకొచ్చి, కౌంటర్ ముందు నిలబడి బయటికి లాగాడు. నీలం రంగు ప్లాస్టిక్ తుపాకీ, మూరెడు పొడవు, పిడి కింద వేలాడుతూ లావుపాటి కేబుల్.

కౌంటర్ వెనకున్న అమ్మాయి అరవలేదు, లేవలేదు. చేతిలోని సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టింది.

"ముందు ఆ గొట్టం గోడవైపు తిప్పండి. తర్వాత ఏం కావాలో చెప్పండి."

"ఇది ఉత్తుత్తి తుపాకీ అండీ."

"తెలుస్తూనే ఉంది. అయినా ఎదురుగా పెడితే ఎవరికి బాగుంటుంది?"

టోకెన్ అనేది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. వాళ్ళ నాన్నకి వీడియో గేముల హాలు ఉంది. నడక వచ్చిన దగ్గర్నుంచీ అక్కడ వచ్చినవాళ్ళ చేతుల్లో టోకెన్లు పెడుతూ పెరిగాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. హాల్లోని మిషన్లన్నిట్లోకీ ముసలిదీ, వాళ్ళ నాన్నకి ప్రాణంతో సమానమైనదీ ఒకటుంది. పెద్ద చెక్కపెట్టె, లోపల బండలాంటి పాతకాలం టీవీ, ముందు ఈ నీలం తుపాకీ. తెరమీద దొంగలు కిటికీల్లోంచి తొంగిచూస్తారు, మనం గురిచూసి కాల్చాలి. కొన్నాళ్ళుగా ఎంత కాల్చినా ఒక్క దొంగ కూడా పడిపోవడం లేదు. పడకపోగా కిటికీలో నుంచుని వెక్కిరిస్తున్నారు.

ఆమె స్క్రూలు విప్పి తుపాకీని రెండు ముక్కలుగా తెరిచింది. లోపల వైర్లన్నీ సెల్లో టేపు చుట్టుకుని ఉన్నాయి.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"కట్టు బాగా కట్టారు. డాక్టరీ చదవాల్సింది."

టోకెన్‌కి ఒళ్ళు మండింది. కానీ ఆ మాటంటున్నప్పుడు ఆమె నవ్వు పెదవులదాకా రాకుండా కళ్ళలోనే ఆగిపోవడం చూశాడు. అది చూడకపోయి ఉంటే ఒంటిమీది మంటతోనే ఇంటికి పోయేవాడు, మనకీ కథ ఉండేది కాదు.

ఆ షాపు ఆమె పెదనాన్నది. పెదనాన్న బయటి రిపేర్లకి తిరుగుతాడు, షాపులో పనంతా ఈమెదే. టీవీలంటే కొట్టిన పిండి గానీ ఇలాంటి తుపాకీ విప్పడం ఆమెకీ ఇదే మొదటిసారి. అందుకే టేపంతా ఒలిచి వైర్లు ఒక్కొక్కటే అతుకుతున్నంతసేపూ ఆమె కళ్ళు లోపలి ముక్కలమీదే తిరుగుతున్నాయి. ట్రిగ్గర్‌కి వెళ్ళే వైర్లు ఇవి, సరే. మరి గొట్టం చివర భూతద్దంలాంటి ఈ బిళ్ళ ఏమిటి, దాని వెనక కందిగింజంత ఈ సెన్సర్ ఏమిటి?

దొంగకి తగిలే వెలుగు అందులోంచే వస్తుందని టోకెన్ పెద్దమనిషిలా చెప్పాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ మిషను పక్కనే పెరిగినవాడు కదా.

ఆమె బిళ్ళని వేలితో తుడిచి, వెలుతురుకి పట్టి చూసింది. సెన్సర్‌కి మీటరు తగిలించింది. తర్వాత తుపాకీని షాపులో ఆన్ చేసి ఉన్న టీవీవైపు తిప్పింది. మీటరు ముల్లు గబుక్కున లేచింది. గోడవైపు తిప్పితే పడుకుంది. మళ్ళీ టీవీవైపు తిప్పితే లేచింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇందులోంచి ఏమీ రాదండీ. ఇది కాల్చదు, చూస్తుంది."

"మరి దొంగ ఎలా పడిపోతాడు?"

అప్పుడామె చిత్తుకాగితం మీద టీవీ బొమ్మ గీసి చెప్పింది. టీవీ బొమ్మని ఒక్కసారిగా వెయ్యదు, పైనుంచి కిందికి గీతగీతగా వేస్తుంది. మనం ట్రిగ్గర్ నొక్కగానే తెర కన్నుమూసి తెరిచేంతలో తెల్లబడుతుంది. ఆ తెల్లటి గీత తుపాకీ కంట్లో ఏ క్షణంలో పడిందో దాన్నిబట్టి మనం ఎక్కడ గురిపెట్టామో మిషను లెక్క కట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ బుల్లెట్ తన చేతిలోంచి వెళ్తోందనుకున్నాడు. తీరా చూస్తే అది ఎదుటినుంచి వస్తోందట. టోకెన్ నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు. వినడం సగమే, మిగతా సగం చూడడం.

సరే, తుపాకీ బాగయింది. హాలుకి తీసుకెళ్ళి తగిలించాడు. కాల్చాడు. దొంగ వెక్కిరించాడు.

మర్నాడు మళ్ళీ షాపుకి. అక్కడ మీటరు ముల్లు హాయిగా లేచి కూర్చుంది. నా దగ్గర బాగానే ఉంది, మీ దగ్గర ఎందుకు ఉండదని ఆమె అడిగింది. నేనూ అదే అడుగుతున్నానని అతనన్నాడు. వైరు తప్పేమో, లోపలి బోర్డు తప్పేమో చూద్దామని ఆమె టూల్సు పెట్టె పట్టుకుని హాలుకి వచ్చింది.

టోకెన్ వాళ్ళ నాన్న ఎదురెళ్ళి "రామ్మా రా" అని కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, మిషను దుమ్ము తుడిచాడు, దాని చుట్టూ తెగ హడావుడి పడ్డాడు. ఆమె "థాంక్స్ అంకుల్" అని తుపాకీ తీసి కాల్చింది. దొంగ ఢామ్మని పడ్డాడు. ఇంకొకడూ పడ్డాడు. తెరమీది వీధంతా ఊడ్చిపెట్టేసి, టోకెన్‌ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన కాసేపటికి టోకెన్ కాల్చాడు. ఒక్కడూ పడలేదు.

మళ్ళీ పిలవడానికి అతనికి మొహం చెల్లలేదు. అయినా పిలిచాడు. ఆమె వచ్చింది, నాన్న మళ్ళీ మంచినీళ్ళిచ్చాడు, దొంగలు మళ్ళీ బుద్ధిగా పడ్డారు. ఈసారి ఆమె నవ్వలేదు. తుపాకీ దాని చోట పెట్టి, గుమ్మందాకా వచ్చి, మెల్లగా అంది.

"మీకు నాతో మాట్లాడాలని ఉంటే వచ్చి మాట్లాడచ్చు. కాదనను. కానీ బాగున్నదాన్ని బాగాలేదని చెప్పి పిలవకండి. పని విషయంలో అబద్ధమాడేవాళ్ళంటే నాకు గిట్టదు."

"నేను అబద్ధం చెప్పలేదండీ."

"ఇప్పుడు నా కళ్ళెదురుగానే పనిచేసింది కదా?"

ఆమె వెళ్ళిపోయింది. టోకెన్ వచ్చి మిషను పక్కన నేలమీద చతికిలబడ్డాడు. అబద్ధం చెప్పలేదని ఒట్టేసి చెప్పగలడు. కానీ తుపాకీ మొరాయించిన ప్రతిసారీ లోపల ఎక్కడో ఎగిరి గంతేశాడన్నదీ నిజమే. ఇక ఆమె దృష్టిలో తను అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు.

నాన్న వచ్చాడు. నేలమీదున్న కొడుకుని చూడలేదు. చెక్కపెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి దేన్నో తిప్పాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "వెలుతురు తగ్గిస్తున్నాన్రా. ఇలాంటి పిక్చర్ ట్యూబులు ఇక దొరకవట, జాగ్రత్తగా వాడుకోమని ఆ టీవీ షాపు పెద్దాయన చెప్పాడు. అప్పట్నుంచీ రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ వస్తున్నా."

"మరి ఆ అమ్మాయి వచ్చినప్పుడు?"

"బయటివాళ్ళొస్తే మసకబొమ్మ చూపిస్తామా? మర్యాదగా ఉండదని పెంచుతాను. వాళ్ళటు వెళ్ళగానే తగ్గిస్తాను."

టోకెన్ లేచి తెరవైపు చూశాడు. నిజమే, బొమ్మ మసగ్గా ఉంది. రోజూ చూసేవాడికి రోజుకింత తగ్గితే ఏం తెలుస్తుంది? ఆమె ఉన్నప్పుడు పెరిగిందన్నదైనా తెలియాలి గదా అంటారా, ఆమె ఉన్నప్పుడు అతను తెరవైపు చూస్తే కదా.

ఇది కాల్చదు, చూస్తుంది. పాపం, చూడ్డానికి దానికి వెలుతురేదీ?

మర్నాడు వాన దంచికొడుతోంది. టోకెన్ వట్టి చేతుల్తో షాపుకి వెళ్ళాడు. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ తల పనిలోకి దించేసింది. ఆవేళ పెదనాన్న కూడా ఉన్నాడు. టోకెన్ నిలబడే జరిగిందంతా చెప్పాడు. ట్యూబు సంగతి వచ్చేసరికి పెదనాన్న చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. జాగ్రత్తగా వాడుకోమన్నాను గానీ దీపం కొండెక్కించమన్నానా అని గొణిగాడు. తర్వాత వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, అర్జెంటుగా టీ తాగాలని గుర్తొచ్చినట్టు గొడుగు తీసుకుని బయటికి నడిచాడు.

"అయితే తప్పు మా ఇంట్లోంచే మొదలైందన్నమాట." ఆమె గొంతు తగ్గింది. "అనవసరంగా మాటన్నాను. సారీ అండీ."

అక్కడితో ఆపేసి వెళ్ళిపోవచ్చు. పరువు దక్కింది. తుపాకీ సంగతీ తేలింది. ఇక ఇక్కడికి రావడానికి సాకు లేదు, అంతే. టోకెన్ గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"ఇంకోటి ఉందండీ. అది చెప్పకపోతే నిజంగానే అబద్ధం చెప్పినట్టవుతుంది. అది పాడైన ప్రతిసారీ నాకు సంతోషం వేసింది. మిమ్మల్ని చూడచ్చు కదా అని. మీరంటే నాకు ఇష్టం. తుపాకీ లేకపోయినా ఇష్టమే."

ఆమె కౌంటర్ మీది స్క్రూలన్నీ ఒకచోటికి చేర్చింది, మళ్ళీ చెదరగొట్టింది.

"నాకెందుకంత కోపం వచ్చిందో తెలుసా?" అంది చివరికి. "మీరు తుపాకీ కోసం వస్తున్నారో నా కోసం వస్తున్నారో తేలక. తుపాకీ కోసమే అయితే బాధగా ఉండేది. నా కోసమైతే అబద్ధమాడుతున్నారని బాధ. ఎటు తిరిగినా నాకే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మీరు ఇంటికి వెళ్ళి తల తుడుచుకోండి. చీకట్లో కూడా కళ్ళు కనిపించే సెన్సర్ ఒకటి వెతికి తెస్తాను. మీ నాన్నగారి ట్యూబూ బతకాలి, దొంగలూ చావాలి."

అన్నట్టే తెచ్చింది. హాలు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వచ్చి, మిషను ముందు కింద కూర్చుని తుపాకీ విప్పింది. టోకెన్ ఎదురుగా కూర్చుని టార్చి పట్టుకున్నాడు. టార్చి వెలుతురు తుపాకీ మీద తప్ప అన్నిచోట్లా పడుతోంది. ఆమె అతని మణికట్టు పట్టుకుని సరిగ్గా తిప్పింది. తిప్పాక వదలడం కాస్త ఆలస్యమైంది.

కౌంటర్ దగ్గర్నుంచి నాన్న ఇదంతా చూశాడు. అలవాటు ప్రకారం లేచి వచ్చి, చెక్కపెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. అంతలో ఏమనుకున్నాడో, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"మసగ్గానే ఉండనిస్తానమ్మా," అన్నాడు. "ఇంటిమనిషి దగ్గర మర్యాదలేంటి?"

అంకుల్ అని పిలిచే పిల్ల ఇప్పుడేమంటుందోనని టోకెన్ ఆమెవైపు చూశాడు. ఆమె తలెత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆఖరి వైరు అతికి, ఊది, బిళ్ళ తుడిచి, స్క్రూ బిగించింది.

"అలాగే ఉండనివ్వండి, మావయ్యగారూ," అంది.

తర్వాత తుపాకీ టోకెన్ చేతిలో పెట్టింది. అతను ఎక్కడికి గురిపెట్టాడో అతనికే తెలియదు. మసక తెరమీద దొంగ మాత్రం దభీమని పడిపోయాడు.