ఆరు-ఆరు గడిలో పేరు

వారానికి ఆరు రోజులు పవర్‌లూమ్ సాంచాల చప్పుడులో మునిగి ఉండే సిరిసిల్లలో, కరెంటు సెలవు నాడు జనానికి చెవులు గుయ్యిమంటాయి. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ముసలివాళ్లు అలవాటు కొద్దీ అరిచి మాట్లాడుకుని, తర్వాత నవ్వుకుంటారు. 1996 శ్రావణంలో అలాంటి ఒక బుధవారం, ముసురు పట్టి నాలుగింటికే చీకటి పడ్డట్టున్న వేళ, దశరథం నోటుబుక్కు చంకలో పెట్టుకుని లక్ష్మీరాజం వాళ్ల సాంచాల షెడ్డుకు వెళ్లాడు.

దశరథానికి పంతొమ్మిదేళ్లు. లెక్కలంటే ప్రాణం. హైదరాబాదులో మేనమామ కొడుకు హాస్టల్లో ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం చూశాడు. అందులో ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఒకడు యోధుడు, ఒకడు దొంగ, ఒకడు పాటగాడు. ఏం జరిగిందో పాచికలు చెబుతాయి. రెండు రోజులు కూర్చుని పట్టికలన్నీ రాసుకొచ్చాడు. ఆ పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక ఇక్కడెక్కడ దొరుకుతుంది? ఎర్రదొకటి, తెల్లదొకటి మామూలు పాచికలే తీసుకుని, ఎర్రది ముందు, తెల్లది వెనక చదివితే ముప్పై ఆరు గడులు సమానంగా వస్తాయని తేల్చాడు. రెండూ కలిపి లెక్కిస్తే ఏడే మాటిమాటికీ పడుతుందని, అది అన్యాయమని, చిన్ననాటి దోస్తు లక్ష్మీరాజానికి నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.

అయినా నోటుబుక్కు అట్ట మీద ఇద్దరి పేర్లూ రాశాడు. ఆట ఇద్దరిదీ. పోయిన వారం నోటుబుక్కు లక్ష్మీరాజం దగ్గరే ఉంది, పాచికలు ఇంకా వాడి దగ్గరే ఉన్నాయి.

షెడ్డులో ఎనిమిది సాంచాలు బట్ట కప్పుకున్న పశువుల్లా పడి ఉన్నాయి. వాటి మధ్య చాప. చాప మీద లక్ష్మీరాజం, పక్కింటి రాయమల్లు. లక్ష్మీరాజం చిక్కిపోయాడు. కళ్లు చింతనిప్పులు. భజనల్లో వాడలోకెల్లా మంచి గొంతు వాడిది. ఉగాది నుంచి ఆ గొంతు బొంగురుపోయి మాట కూడా గాలిలా వస్తోంది.

"నిద్ర పోతలేవారా?" అడిగాడు దశరథం.

"పోత. ఇయ్యాల పోత," అన్నాడు లక్ష్మీరాజం, దశరథం ముఖం చూడకుండా.

కథ నడిపేది లక్ష్మీరాజం. రాయమల్లు యోధుడు. పేరు వాడే పెట్టుకున్నాడు, పహిల్వాన్ వీరసింగు. చిక్కంతా పాటగాడి పేరు దగ్గరే. పాటగాడు దశరథమే.

"గా ఇంగ్లీషు పుస్తకంల పేర్లు పెట్టుకోరాదు?" అన్నాడు రాయమల్లు.

"గా పేరుతోని పిలిస్తే మీ బర్రె గూడ మల్లి చూడది. పాటగాని పేరంటే సాగాలె. నలుగురు నోట్లె నానిన పేరై ఉండాలె. దూరంకెల్లి పిలిస్తే డప్పు మీద దెబ్బ పడ్డట్టుండాలె," అన్నాడు దశరథం.

అందుకే అతను ఊరూరా విన్న పేర్లు, సొంతంగా అల్లిన పేర్లు కలిపి ముప్పై అయిదు గడులు నింపాడు. రాగాల సాయన్న, గజ్జెల పోచయ్య, తంబూర ఎల్లన్న... చివరిదైన ఆరు-ఆరు గడిని, ఆడేవాడి ఇష్టానికని, ఖాళీగా వదిలాడు.

లక్ష్మీరాజం పాచికలు అతని చేతిలో పెట్టాడు. దశరథం వేశాడు.

ఎర్రది ఆరు. తెల్లది ఆరు.

గడి ఖాళీగా లేదు. పెన్సిలుతో సన్నగా రాసి ఉంది, మొండయ్య.

"గిది నేను రాయలేదే."

"నేనే రాసిన," అన్నాడు లక్ష్మీరాజం. "ఇద్దరి ఆట కాదురా? ముందు పుట్టినోళ్లంత పోతే, మొండికేసి బతికినోనికి పెడుతరు గా పేరు. మంచి పేరు."

దోస్తు ఏరిన పేరు. దశరథం ఇంకేం ఆలోచించలేదు.

ఆటలో ఒక నియమం ఉంది. దశరథం పెట్టిందే. "వాడు పోయిండు, వాడు చెప్పిండు" అనకూడదు. "నేను పోయిన, నేను చెప్పిన" అనాలి. లేకపోతే మజా రాదు.

లక్ష్మీరాజం కథ ఎత్తుకున్నాడు. "అడివి నడుమ కోట. మూడు తలుపులు. మొదటి తలుపు మూసున్నది. లోపల్నుంచి అడుగుతున్నరు... ఎవలు నువ్వు?"

"నేను పాటగాన్ని. నా పేరు మొండయ్య."

టక్.

వెనక వరసలో ఎక్కడో, దారాన్ని అటూ ఇటూ లాగే నాడె ఒక్కసారి కదిలిన చప్పుడు. ముగ్గురూ తల తిప్పారు. సాంచాలన్నీ కదలకుండానే ఉన్నాయి.

"ఎలుక," అన్నాడు రాయమల్లు.

చింతగింజల గంజి వాసన వచ్చింది. నేతగాళ్ల ఇళ్లలో గంజి వాసన వింతేం కాదు. కానీ ఈ షెడ్డులో నేసేది పాలిస్టర్. గంజి పెట్టక ఎన్నేళ్లయిందో.

"రెండో తలుపు," అన్నాడు లక్ష్మీరాజం. గొంతులో బొంగురు కొంచెం తగ్గింది. "ఎవలు నువ్వు?"

"మొండయ్యను. పాటగాన్ని."

టక్... టక్... టక్...

ఈసారి ఆగలేదు. నింపాదిగా, ఒక లయ పట్టుకుని... సాంచా పరుగులా లేదు. కథ మొదలుపెట్టే ముందు డప్పు సవరించినట్టుంది.

"కరెంటొచ్చిందారా?" రాయమల్లు గొంతు పీలగా వచ్చింది. బల్బు వెలగలేదు. వాడు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "మా అవ్వ పిలుస్తున్నది."

"యాడ పిలిచింది?"

"పిలుస్తది గనీ..." వానలోకి ఉరికాడు.

దశరథం పైకి చూశాడు. అటక మీంచి ఎర్రని బట్ట అంచు జానెడు వేలాడుతోంది. ఇందాక లేదు. దాని మీద గీసిన పాదాలు కనిపిస్తున్నాయి. పాదాల వరకే.

"చాలురా. వచ్చే బుధవారం ఆడుదాం."

లక్ష్మీరాజం అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. కళ్లనిండా నీళ్లు.

"ఇంకొక్క తలుపే. జర చెప్పురా. నీ కాల్మొక్త."

కథలో ఇంత లీనమయ్యాడా అనుకున్నాడు దశరథం. పాపమనిపించింది.

"ఎవలు నువ్వు?"

"...మొండయ్యను."

చప్పుడు ఆగింది.

వాన చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. ఆ నిశ్శబ్దంలో లక్ష్మీరాజం గట్టిగా ఊపిరి వదిలి, "అమ్మయ్య," అన్నాడు. బొంగురు లేదు. ఉగాదికి ముందున్న గొంతు. గంటలా ఉంది.

"ఎవల్రా గా పేరు తీసింది?"

గుమ్మంలో దీపంతో లక్ష్మీరాజం నాయనమ్మ చంద్రవ్వ.

"ఆటల పేరు బాపమ్మా. పాటగాని పేరు..."

"ఎన్నిసార్లు?" గుసగుసగా అడిగింది. "ఎన్నిసార్లు చెప్పినవ్ కొడుకా?"

"మూడు."

ముసలామె దీపం కింద పెట్టి గుమ్మంలోనే కూర్చుంది. జరిగింది చెప్పింది. ఆమె కాపురానికొచ్చిన ఏడు, ఈ వాకిట్లోనే మొండయ్య అని పటం కథ చెప్పేటాయన కులపురాణం పాడాడు. చింతగింజల గంజి పట్టించి బొమ్మలు గీసిన పొడవాటి బట్ట, ఆ పటం, విప్పుకుంటూ మూడు రోజులు పాడి, ఆఖరి బొమ్మ మిగిలి ఉండగా కూలిపోయి చచ్చిపోయాడు. అలాంటి పటాన్ని మనిషికి చేసినట్టే కర్మ చేసి, మానేరు వాగులో కలపాలి. ఇంటివాళ్లు బద్ధకించి అటక మీద పడేశారు.

"కథ సగంల ఆగింది. పాడేటోని కోసం సూస్తడు. ఎవలన్న నేనే మొండయ్యనని మూడుసార్లంటే, వాన్ని పట్టుకొని ముందటోన్ని ఇడుస్తడు." మనవడి వైపు చూసింది. "నీకు ఎరికే గదరా!"

దశరథం కూడా చూశాడు.

"ఉగాదికి అటక దులిపిన," అన్నాడు లక్ష్మీరాజం, తల దించుకుని. "పటం వెనక 'నేను మొండయ్యను' అని రాసున్నది. అక్షరాలు మాసిపోయినయని రెండుసార్లు పైకి చదివిన. గప్పటి నుంచి ఒక్కనాడు నిద్ర లేదురా. సాంచాలు బందైతే చాలు, చెవుల కాడ కూసొని పాడు, పాడు అంటడు. నాకు గా కథ రాదు."

"నాకొస్తదా?"

"నీకు లెక్కలొస్తయ్. ఏదన్న ఉపాయం చేస్తవనుకున్న."

దశరథం చాప మీది పాచికలు తీసి వేశాడు. ఆరు, ఆరు. మళ్లీ వేశాడు. ఆరు, ఆరు. మూడుసార్లు వరసగా ఇలా పడాలంటే నలభై ఆరు వేల ఆరువందల యాభై ఆరులో ఒకసారి. దీపం దగ్గర పెట్టి చూశాడు. రెండింటికీ ఒంటి చుక్క దగ్గర తొలిచి, సీసం పోసి, పైన లక్క అద్ది ఉంది. ఎంతో ఓపికగా చేసిన పని. చేతిపని వచ్చినవాడి పని.

"ఎన్ని రోజులు పట్టింది గిది చేసేతందుకు?"

లక్ష్మీరాజం చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"రాయమల్లు ఉన్నడు గద, గా పేరు వానికెందుకు పెట్టలే?"

"వాడు... నేనేమన్నా నమ్మడు గదరా."

దశరథం నోటుబుక్కు తీసుకుని వానలోనే ఇంటికి నడిచాడు. వెనక షెడ్డులో ఎవరో గుర్రు పెడుతున్నారు. అప్పుడే నిద్రపోయాడు లక్ష్మీరాజం.

ఇంట్లో పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన. కమ్మటి, రోజూ ఉండే వాసన. కన్న అవ్వ సక్కుబాయి వీపు కనిపిస్తోంది. దశరథానికి ఏడుపొచ్చింది. అంతా చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"తడిసొచ్చినవా? కాళ్లు కడుక్కొని రా మొండయ్యా, రొట్టె చల్లారుతది," అంది అవ్వ, వెనక్కి తిరగకుండానే.

"అవ్వా... ఏమని పిలిచినవ్?"

"ఏమని పిలుస్తరు? నీ పేరు పెట్టి పిలిచిన. నిద్ర మబ్బుల ఉన్నవా?" నవ్వింది. పంతొమ్మిదేళ్లుగా అదే పేరుతో పిలుస్తున్నట్టు, అంత మామూలుగా.

గదిలోకి పోయి నోటుబుక్కు తెరిచాడు. అట్ట మీద ఒక్క లక్ష్మీరాజం పేరే ఉంది. పట్టిక తీశాడు. ఆరు-ఆరు గడిలో పెన్సిలుతో, తన దస్తూరీలో, రాసి ఉంది.

దశరథం.

రబ్బరు తీసి ఆ గడి మీద పెట్టాడు. చెయ్యి ఆగిపోయింది. ఇది చెరిపేస్తే ఆ పేరు ఇంకెక్కడ ఉంటుంది?

"ఓ మొండయ్యా!" వంటింట్లోంచి అవ్వ మళ్లీ పిలిచింది.

పలకకూడదనుకున్నాడు. పళ్లు బిగబట్టాడు.

"వస్తున్నా..."

జన్మలో ఒక్క పాటా శ్రుతిలో పాడనివాడి నోట ఆ మాట రాగం తీసుకుంటూ, సాగుతూ, పదిళ్ల అవతలికి వినిపించేలా వెళ్లింది. కరెంటు లేని ఆ వాడలో, ఎక్కడో, ఒక సాంచా దానికి తాళం వేసింది.