దొంగ దుర్భిణి

"నువ్వు దొంగవా, వెర్రివాడివా? రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకో."

కొట్లో అడుగు పెట్టీ పెట్టకముందే మీద పడ్డ మాట అది. లిఫ్టు మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కౌంటరు వెనక చిటపట నిలబడి ఉంది. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉన్నా వీధి వీధంతా ఆ పిల్లను అలాగే పిలుస్తుంది, ఊరికే పిలవరు కదా! ఆమె ముందు, నిన్న సాయంత్రం అతను వాళ్ల నాన్నకు కానుకగా ఇచ్చిన దుర్భిణి, అదే బైనాక్యులర్స్, ఉంది.

"లోపలికి రానిస్తావా?"

"అక్కడే నిలబడి చెప్పు."

వీళ్ల పరిచయమే తగవుతో మొదలైంది. ఆ మధ్య ఈమె లిఫ్టులో ఇరుక్కుపోతే తలుపు తీసినవాడు ఇతను. తీసినందుకు థాంక్స్ చెప్పాల్సింది పోయి, ఆలస్యంగా వచ్చావని మెట్ల మీద నిలబెట్టి దులిపేసింది. అంత తిట్టించుకున్నవాడు మర్నాడు ఏ లిఫ్టూ చెడకుండానే మళ్లీ వచ్చాడంటే, ఇక మీరే అర్థం చేసుకోండి.

నాన్నది పాత దుర్భిణులూ కెమెరాలూ కొని, బాగుచేసి అమ్మే కొట్టు. విలువ కట్టే పని ఎప్పుడో కూతురికి వదిలేశాడు. ఆమె ఒక ధర అన్నాక ఆయన మార్చడు. నిన్న ఈ అబ్బాయి కానుక చేతిలో పెట్టి, "మీ అమ్మాయిని నాకిస్తారా సార్?" అని అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. అతను వెళ్లాక దుర్భిణిని కూతురి ముందుంచి, "దీని విలువా నువ్వే కట్టు, తెచ్చినవాడి విలువా నువ్వే కట్టు తల్లీ. నువ్వెంతంటే అంత" అని లోపలికి పోయాడు.

పొద్దున్నే దాన్ని చేతిలోకి తీసుకుంది చిటపట. అంతే, ఒళ్లు మండిపోయింది.

"రా, ఇలా వచ్చి చూడు. కంటికి ఆనించకు, చెయ్యి చాచి కిటికీ వైపు పట్టుకో. చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తోందా? మంచి గాజైతే నిండుగా గుండ్రంగా ఉంటుంది. ఇది చూడు, నాలుగు పక్కలా కత్తిరించినట్టు లేదూ?"

"ఉంది."

"ఈ అద్దంలో ట్యూబ్‌లైట్ చూడు. అసలు సరుకులో మసగ్గా, ఊదారంగులో కనిపించాలి. ఇందులో నా మొహానికి బొట్టు పెట్టుకోవచ్చు! ఈ కంపెనీ పేరు మీద గోరు పెట్టి గీరు. చెక్కిన అక్షరమైతే గోరుకు తగలాలి. ఇది ఉత్త రంగు. ఇంత నకలు తెచ్చి మా నాన్న చేతిలో పెడతావా?"

"నాకేం తెలుసు? డబ్బా చూశాను, గ్యారంటీ కార్డు చూశాను, తయారైన దేశం పేరు చూశాను..."

"పేరు చూసి కొన్నావా! ఎంత పోశావు?"

అతను మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు. అప్పుడు గమనించింది ఆమె. చొక్కా చెమటతో తడిసిపోయింది. వీధి మలుపులోనే వినిపించే మోటార్ సైకిల్ చప్పుడు ఇవాళ వినిపించనే లేదు.

"బండేది?"

"అమ్మేశాను."

"బండి అమ్మి గాజుపెంకు కొన్నావా? అయ్యో, నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అంతవరకూ ఓర్చుకున్నవాడికి అప్పుడు ముక్కు మీదికి వచ్చింది కోపం. "వెర్రివాడని నూరుసార్లను, పడతాను. దొంగన్నావు చూడు, అది పడను. మీ నాన్నతో కాదని చెప్పెయ్. నేను పోతున్నా."

"ఆగు! లోపల ఇత్తడి ఉండాల్సిన చోట ప్లాస్టిక్ ఉంటుంది, అది కూడా చూసి పో" అంటూ స్క్రూ డ్రైవరు తీసి, రెండు గొట్టాల మధ్యనున్న మూత విప్పింది చిటపట.

మూత లోపల ఎర్రటి చుక్క.

చెయ్యి ఆగిపోయింది. అది ఆమె గోళ్ల రంగు. కొట్లోకి నకలు వస్తే నకలనే చెప్పి ఆ ధరకే అమ్ముతుంది. అదే మళ్లీ వచ్చి తమనే మోసం చేయకుండా మూత లోపల చుక్క పెడుతుంది. దీన్ని వానల ముందు మలుపులో షాపు పెట్టిన బంగారు కళ్లద్దాలాయన, అలంకారానికని కొనుక్కుపోయాడు.

మూత బిగించేస్తే సరి, చుక్క సంగతి ఎవరికీ తెలియదు. దొంగన్న మాట అతని నెత్తినే ఉండిపోతుంది.

"ఇది నేనే అమ్మాను" అంది, పళ్లు కొరుకుతూ. "మలుపు షాపువాడికి. నకలని చెప్పే."

అతను చుక్కను చూశాడు, ఆమె గోళ్లను చూశాడు. "నేను కొన్నది ఆ షాపులోనే. మరి దొంగెవరు?"

"నోరు మూసుకుని నడు!"

బయట వాన మొదలైంది. గొడుగైనా తీసుకోకుండా మలుపు షాపు మీదికి పోయింది చిటపట. ఆ షాపు ముందు జనం మూగేలా అరిచిందో అరుపు, బంగారు కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. "డబ్బు ఇచ్చేస్తానమ్మా, ముందు నా సరుకు నాకివ్వు" అన్నాడాయన.

"సరుకిస్తే ఇంకొకడికి అంటగడతావు. నేనమ్మిన ధర నీకు పారేస్తా, అతని డబ్బు అతనికి కక్కు!"

అతని డబ్బు రాబట్టుకుని ఇద్దరూ తడిసి ముద్దై తిరిగి వచ్చేసరికి నాన్న కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నాడు.

"విలువ కట్టావా తల్లీ?"

"దుర్భిణికి ఏం లేదు నాన్నా. మనిషికి..." గొంతు తగ్గింది. "మనిషి అసలు సరుకే. దొంగ అని నేనే నోరు జారాను."

"చుక్క సంగతి అతనికి చెప్పావా?"

చిటపట కళ్లు పెద్దవయ్యాయి. "అంటే నీకు నిన్ననే తెలుసా!"

"మూత విప్పి చూడకుండా నీకిస్తానా? చెప్తావో, దాచేస్తావో చూద్దామనుకున్నా."

"నన్ను పరీక్షించావా? పొద్దున్నుంచీ నా రక్తం మరిగిపోయింది నాన్నా!"

ఆయన ఆమెను వదిలేసి అబ్బాయి వైపు తిరిగాడు. "చూశావుగా బాబూ. ఈ కోపం రోజూ ఉంటుంది. తట్టుకుంటావా?"

"లిఫ్టు తలుపు తీసినప్పుడే అలవాటైపోయింది మామయ్యా."

"అప్పుడే మామయ్యా?" అని తల తుడుచుకుంటున్న తుండు విసురుగా అతని మొహాన కొట్టింది చిటపట.

అతను తుండు మెడలో వేసుకుని, ఆ దొంగ దుర్భిణి తీసి కంటికి పెట్టుకుని, ఆమె వైపే తిప్పాడు.

"ఇందులో నువ్వు ఇద్దరుగా కనిపిస్తున్నావు."

"రెండు గొట్టాలూ ఒక వరసలో లేవు. నకలు కదా, అంతే."

"ఇద్దరూ కోపంగానే ఉన్నారు."

నవ్వు ఆపుకోవడానికి చిటపట గబగబా వెనక్కి తిరిగి, షెల్ఫులో సరిగ్గానే ఉన్న కెమెరాలు సర్దసాగింది.